ఎదురింటి వేవ్నీ కిటికీ

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు మా ఆయన కాంప్టన్ దగ్గరకి వచ్చి, కిటికీలకి చెక్క తలుపులు పెట్టించుకోమంటావా, అద్దాలు పెట్టించుకోమంటావా అని అడుగుతుంటారు. కాంప్టన్ వడ్రంగి. చేతికున్న వాటం నోటికి లేదు. ఆయన చిత్రిక పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలా అని ఆలోచించేలోపు నేనే అందుకుంటాను.

"చూడు నాయనా, చెక్క తలుపు పైఅంచున బందులకి వేలాడుతుంది. కింద నుంచి బయటికి తోసి పోటుకర్ర పెట్టావనుకో, కిటికీకి గొడుగు పట్టినట్టే. ఎండ లోపలికి రాదు. వాన కురుస్తున్నా మూయక్కర్లేదు, నీళ్లు బద్దల మీంచి వీధిలోకి జారిపోతాయి. సముద్రం గాలి మాత్రం బద్దల సందుల్లోంచి వస్తూనే ఉంటుంది. కరెంటు పోయిందా, పోనీ, నీకేం నష్టం లేదు. ఒక బద్ద పుచ్చితే ఆ ఒక్కటే మార్చుకుంటావు, అద్దం పగిలితే మొత్తం మార్చాలి. నీ పెళ్లాం లోపల ఏ బట్టల్లో తిరిగినా వీధిలోవాడికి కనపడదు, ఆమెకి మాత్రం వీధంతా కనపడుతుంది."

ఇవన్నీ చెబుతాను. ఇంకొక లాభముంది, అది మాత్రం చెప్పను. దాన్ని చెప్పాలంటే వేవ్నీ సంగతి చెప్పాలి. ఇల్లు కట్టుకుందామని సంబరంగా వచ్చిన పిల్లలకి అదంతా ఎందుకని ఊరుకుంటాను.

మాది జార్జ్‌టౌన్‌లో కిట్టీ పేట. సముద్రం ఊళ్లోకి రాకుండా కట్టిన గోడకి నాలుగు వీధులు ఇవతల ఉంటాం. ఇళ్లన్నీ కర్రవే, స్తంభాల మీద ఎత్తుగా నిలబడి ఉంటాయి. ఇంటి అడుగున కాంప్టన్ పని చేసుకుంటాడు, పైన నేను బట్టలు కుడతాను. నా కుట్టుమిషను ముందున్న కిటికీకి సరిగ్గా ఎదురుగా, వీధికి అవతల వేవ్నీ పడకగది కిటికీ. మధ్య దూరం ఇరవై అడుగులు ఉంటుందేమో. రెండు కిటికీల తలుపులూ కాంప్టనే చేశాడు, ఒకే దుంగ కోసి. మేమిద్దరం ఒకే ఏడు ఆ వీధికి కాపురానికొచ్చాం. నాకప్పుడు ఇరవై రెండు, దానికి ఇరవై మూడు.

ముప్పై ఏళ్లు ఆ రెండు కిటికీల్లోంచే మాట్లాడుకున్నాం. గొంతు పెద్దగా పెంచక్కర్లేదు. తలుపు దించి ఉన్నా బద్దల్లోంచి మాట దాటిపోయేది.

"ఏమే ఇస్మే, ఇవాళేం వండుతున్నావు?"

"కొబ్బరిపాలల్లో అన్నం, బీన్సు."

"మీ ఆయన పళ్లు జాగ్రత్త. మొన్న నువ్వు పంపిన బీన్సుతో మేకులు కొట్టుకోవచ్చు."

"అందుకేగా పంపాను, మీ ఇంట్లో సుత్తి లేదని."

కింద నుంచి కాంప్టన్, "మీ ఇద్దరికీ తలుపులు చేసిచ్చి తప్పు చేశాను, గోడలు కట్టించాల్సింది" అనేవాడు. మేం వినిపించుకునేవాళ్లం కాదు.

మా వీధికో పద్ధతి ఉంది. పొద్దున ఆరింటికల్లా ప్రతి ఇంటి కిటికీ తలుపూ లేవాలి. ఆరున్నర దాటినా ఎవరి తలుపైనా లేవకపోతే, చూసినవాళ్లు పోయి ఆ గేటు దగ్గర నిలబడి "లోపలున్నారా" అని కేకెయ్యాలి. జ్వరమో, కాలు జారి పడడమో, అంతకంటే పెద్దదో, ఏదైనా మాకు అలాగే తెలిసేది. ఊరెళ్లేవాళ్లు మాత్రం ముందురోజు నలుగురికీ చెప్పి తలుపులన్నీ దించి వెళ్లేవారు. ఆ ఇంటి ముందు ఎవరూ కేకెయ్యరు. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు చాలామంది ఈ పద్ధతిని నమ్ముకునే నిద్రపోయేవారు.

వేవ్నీ కూడా ఒంటరిదయింది. దాని మొగుడు లేలండ్ నది దాటించే ఫెర్రీ పడవ మీద పనిచేసేవాడు. న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకొకామెతో కాపురం పెట్టి ఇక రాలేదు. వేవ్నీ ఎవరికీ చెప్పకుండా ఒక రోజు అక్కడికి పోయింది. ఫెర్రీ ఆగే చెక్క వంతెన మీద, ఆ రెండో ఆమె చూస్తుండగా, మోకాళ్ల మీద కూర్చుని ఇంటికి రమ్మని బతిమాలింది. వాడు రాలేదు. తిరిగొచ్చి ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. కిటికీలోంచి కాదు, వీధి దాటి వచ్చి నా మిషను పక్కన కూర్చుని, మెళ్లో ఉన్న తువ్వాలు నోట్లో కుక్కుకుని చెప్పింది.

ఆ మాట నేను దాచలేకపోయాను. రెండేళ్లు దాచాను గానీ, ఒక రోజు అరటికాయలమ్మే ఒడెస్సా పైకొచ్చి కిటికీ దగ్గర కూర్చుని లేలండ్ ప్రస్తావన తెచ్చింది. నవ్వించాలన్న సరదాలో నా నోరు జారింది. "పోయి మోకాళ్ల మీద కూర్చుందట తల్లీ, ఫెర్రీ ఎక్కేవాళ్లంతా టిక్కెట్టు లేకుండా చూశారు" అన్నాను. ఒడెస్సా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఎదురింటి తలుపు దించి ఉంది కదా, ఇంట్లో లేదనుకున్నాను. అది బద్దల వెనకాలే కూర్చుని బియ్యం ఏరుకుంటోంది.

ఎలా తెలిసిందంటే, నవ్వు ఆగాక ఎదురు కిటికీలోంచి పళ్లెం కింద పెట్టిన చప్పుడు వినిపించింది. అంతే. మర్నాటి నుంచీ మా వైపున్న నాలుగు కిటికీల్లో మూడింటి తలుపులు దించేసింది. పడకగదిది ఒక్కటే పొద్దున్నే లేపేది.

తిట్టి ఉంటే బాగుండేది. వీధిలో నిలబెట్టి నా జుట్టు పట్టుకుని ఉంటే అక్కడికక్కడే కాళ్ల మీద పడేదాన్ని, సాయంత్రానికి ఇద్దరం కలిసి టీ తాగేవాళ్లం. అది మాట్లాడకపోయేసరికి నాకు మొహం చెల్లలేదు. మొహం చెల్లకపోవడం కొన్నాళ్లకి కోపం కింద మారింది. నా స్వభావమే అంత. తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఇంకాస్త ఎక్కువొస్తుంది. "ఒక్క మాటకి ఇంత బెట్టా, ముప్పై ఏళ్ల స్నేహం ఒక్క మాటకి కాకుండా పోయిందా" అని కాంప్టన్ దగ్గర సణిగేదాన్ని. "పోయి ఒక్క మాట చెప్పరాదా" అనేవాడు ఆయన. "నువ్వు నీ ఉలి చూసుకో" అనేదాన్ని.

అలా ఎనిమిదేళ్లు గడిచాయి.

మధ్యలో ఒకసారి కాంప్టన్ లోపలి అడవుల్లో గనులవాళ్లకి ఇళ్లు కట్టడానికి రెండు నెలలు పోయాడు. అప్పుడు నాకు డెంగ్యూ జ్వరం పట్టుకుంది. ఒక పొద్దున మంచం దిగలేకపోయాను. ఆరున్నర దాటి అయిదు నిమిషాలైందో లేదో, గేటు దగ్గర ఒడెస్సా గొంతు. "లోపలున్నావా ఇస్మే?" మెట్లెక్కి వచ్చి నన్ను చూసి గుండెలు బాదుకుంది. "మీ ఎదురింటామె పంపింది. నీ తలుపు లేవలేదంట. పో పో అని నన్ను బండి దగ్గర్నుంచి తోసింది" అంది. మధ్యాహ్నానికి అదే ఒడెస్సా చేతిలో చేపల చారు. గిన్నె ఎవరిదో చెప్పొద్దన్నారంది. నీలం అంచున్న ఆ గిన్నె ఎవరిదో నాకు తెలీదా. నాలుగు రోజులు ఆ చారుతోనే బతికాను. లేచాక గిన్నె శుభ్రంగా తోమి, మళ్లీ ఒడెస్సా చేతే పంపించాను. నేనే తీసుకెళ్లి ఇస్తే ఏం పోయేది? ఇరవై అడుగులు.

ఆ తర్వాత నేనూ ప్రతి పొద్దునా దాని తలుపు వైపు చూడకుండా టీ పెట్టుకోలేదు. తలుపు లేచి పోటుకర్ర పడేది. సరే, ఉంది, అనుకునేదాన్ని. అది కూడా నన్ను అలాగే చూసుకునేదని నాకు తెలుసు. మాట్లాడుకోకుండానే ఒకళ్లనొకళ్లం కాపలా కాసుకున్నాం.

కర్ర ఎంత గట్టిదైనా ముప్పై ఎనిమిదేళ్ల ఉప్పు గాలికి బందుల దగ్గర పుచ్చిపోతుంది. ఓ వానాకాలం వేవ్నీ పడకగది తలుపు ఒక బందు ఊడి పక్కకి ఒరిగింది. కాంప్టన్ కింద నుంచి చూసి పైకొచ్చాడు.

"గంట పని. కొత్త బందు వేసి రెండు బద్దలు మారిస్తే ఇంకో ఇరవై ఏళ్లకి చూసుకోనక్కర్లేదు. వెళ్లొస్తాను."

"ఆమె పిలిచిందా నిన్ను?"

"పిలవక్కర్లేదు. అది నేను చేసిన తలుపు."

"పిలవకుండా పోతే అలుసైపోతాం. కావాలంటే నోరు తెరిచి అడగనీ. వెళ్లావంటే తిండి కూడా అక్కడే తినేసి రా."

ఆయన కాసేపు మెట్ల మీద నిలబడి కిందికి దిగిపోయాడు. వేవ్నీ అడగలేదు. అడగడానికి ఆమెకీ మొహం చెల్లి ఉండదు. ఆదివారం నాడు దాని మేనల్లుడు ఓరిన్ వచ్చాడు. మంచి కుర్రాడే, అత్తంటే ప్రాణం. ఊరికి అటు చివర ఉంటాడు, ఏదో ఆఫీసులో ఉద్యోగం. "ఈ పాత చెక్కలతో ఎందుకత్తా అవస్థ" అని నాలుగు కిటికీల తలుపులూ పీకించి, నల్లటి అద్దాలు బిగించి, దొంగల భయమని వాటికి ఇనపచువ్వలు వేయించి, పడకగదిలో ఏసీ పెట్టించాడు. అద్దాలు కదలకుండా మేకులు కూడా కొట్టించాడట, చల్లగాలి పోకుండా. పీకిన తలుపులు వీధి చివర చెత్తలో పడేస్తే, కాంప్టన్ వెళ్లి మోసుకొచ్చి ఇంటి అడుగున గోడకి ఆనించి పెట్టుకున్నాడు. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నేను మాత్రం బయటికి నవ్వాను. "రాణీగారు గాజుపెట్టెలో కూర్చున్నారు, కరెంటు పోయిన రోజు చూద్దాం" అని వచ్చినవాళ్లందరి దగ్గరా అన్నాను. లోపల వేరే బాధ మొదలయింది. పొద్దున లేచి టీ పెట్టుకునే ముందు అటు చూస్తే నల్ల అద్దంలో మా ఇల్లే కనపడేది. మా తలుపు, మా పోటుకర్ర, దాని కింద నేను. అది లేచిందో లేదో ఎలా తెలియాలి? రాత్రి తెర వెనక దీపం వెలిగితే ఉందనుకునేదాన్ని. పగలు ఏసీ రొద వినపడితే ఉందనుకునేదాన్ని. ఇలా వెతుక్కుంటున్నానని కాంప్టన్‌కి చెప్పలేదు. ఎనిమిదేళ్లుగా దాని మొహం చూడ్డం నాకిష్టం లేదని చెబుతూ వచ్చినదాన్ని, ఇప్పుడు కనపడ్డం లేదని ఎలా ఏడవను?

ఆగస్టు ఎండల్లో ఒక మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మాకది వింత కాదు. రెండు మూడు గంటల్లో వస్తుందనుకున్నాం. రాత్రయినా రాలేదు. బుధవారం పొద్దున కూడా రాలేదు. వీధిలో చెక్క తలుపులున్న ఇళ్లన్నీ తలుపులు పూర్తిగా లేపుకుని కూర్చున్నాయి. నా గదిలో గాలి ఎంత జోరుగా ఉందంటే కుడుతున్న గౌను ఎగిరిపోకుండా కత్తెర బరువు పెట్టాను. కిటికీ అడుగున బయటికి చొచ్చుకొచ్చిన పెట్టెలో పెట్టిన మట్టికూజా నీళ్లు పళ్లు జిల్లుమనేలా ఉన్నాయి.

ఎదుటి అద్దం నల్లగా, మూసుకుని ఉంది.

అది లోపలే ఉందని నాకు అనిపించింది. ఉక్కపోతకి తట్టుకోలేక ఎప్పుడో ఒకప్పుడు ముందు తలుపు తీసి మెట్ల మీద కూర్చుంటుంది, అప్పుడు నేను పైనుంచి చూసీ చూడనట్టు చూస్తాను, అనుకున్నాను. కావాలనే కిటికీ దగ్గరకి వెళ్లాను. ఒకసారి సూదిలో దారం ఎక్కించే వంకతో. ఇంకోసారి జుట్టు ఆరబెట్టుకునే వంకతో. మూడోసారి కూజా పక్కన చల్లబెట్టిన మాబీ బెరడు పానకం గ్లాసులో ఒంపుకుని, కిటికీలో నిలబడి, గ్లాసు ఆ నల్ల అద్దం వైపు ఎత్తి చూపించి, గటగటా తాగాను. ఆ అద్దంలో నాకు నా గ్లాసే కనపడింది. తాగేసి లోపలికి వచ్చేశాను.

ఇది రాయాల్సి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేస్తోంది. కానీ జరిగింది ఇదే.

సాయంత్రం కాంప్టన్ పైకొచ్చి చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"వేవ్నీ కనిపించిందా? కరెంటు లేదు, ఆ గాజుగూట్లో ఎలా ఉందో."

"కనిపించింది."

"బానే ఉందా?"

"ఎందుకుండదు? రాణీగారికేం."

ఎందుకలా అన్నాను? కనపడలేదంటే, చూడ్డానికి ప్రయత్నించానని ఒప్పుకున్నట్టవుతుంది. మూడుసార్లు కిటికీ దగ్గరకి పోయానని, ఆ నల్ల అద్దం వెనక ఏముందో తెలీక లోపల కాస్త బెంగగా కూడా ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. అంత చిన్న విషయం ఒప్పుకోడానికి నోరు రాలేదు. ఆయన "సరే అయితే" అని అన్నానికి కూర్చున్నాడు.

గురువారం పొద్దున ఏడింటికి కరెంటు వచ్చింది. ఇంటింటా ఒక్కసారిగా రేడియోలు మోగాయి. కాంప్టన్ కింద పనిలో ఉన్నవాడు చేతిలో రంపం పట్టుకునే వీధిలోకి వెళ్లి నిలబడ్డాడు. "ఆమె ఏసీ మోగట్లేదే" అన్నాడు. మీట కట్టేసి ఉంటుందిలే అందామనుకుని, కిటికీలోంచి ఆయన్నే చూస్తున్నాను. ఆయన వీధి దాటి గేటు దగ్గర "లోపలున్నావా వేవ్నీ" అని మూడు కేకలేశాడు. వెనక మెట్లెక్కి తలుపు భుజంతో తోసి లోపలికి పోయాడు. తర్వాత నా పేరు పెట్టి అరిచాడు.

ఎనిమిదేళ్ల తర్వాత ఆ మెట్లెక్కాను. గదిలో వేడి మొహానికి కొట్టింది. వేవ్నీ కిటికీ ముందు కుర్చీలో ఉంది. ఎడమ వైపంతా పడిపోయింది, మూతి పక్కకి పోయింది. చెమటకి గౌను ఒంటికి అతుక్కుని ఉంది. కుడిచెయ్యి అద్దం మీద ఉంది. చుట్టుపక్కల అద్దమంతా వేలిముద్రలు. కాంప్టన్ దాని నోట్లో నీళ్లు చుక్కచుక్కగా పోస్తున్నాడు. నన్ను చూసి కళ్లు తిప్పుకుందో, కళ్లు మూతలు పడ్డాయో, నాకిప్పటికీ తెలీదు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

నలుగురు మగాళ్లు కుర్చీతో సహా కిందికి దించారు. చేపల దుకాణం అతని కారు వచ్చింది. వెనక సీట్లో దాన్ని పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుని కాంప్టన్ కూర్చున్నాడు. నాకు చోటు లేదు. "ఓరిన్‌కి ఫోన్ చేసి, దాని బట్టలు రెండు తీసుకుని బస్సులో రా" అన్నాడు.

బట్టల కోసం మళ్లీ ఆ గదిలోకి వెళ్లినప్పుడు, ఒక్క నిమిషం ఆ కుర్చీ ఉన్న చోట నిలబడి అద్దంలోంచి చూశాను. లోపల నుంచి ఆ అద్దం నల్లగా లేదు. మా కిటికీ, నా కుట్టుమిషను, మిషను మీది దారపు ఉండ రంగుతో సహా కనపడుతోంది.

ఆసుపత్రికి వెళ్లేసరికి పది దాటింది. వేవ్నీని లోపల వార్డులో చేర్చారు, స్పృహ లేదన్నారు. కాంప్టన్ వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా ముందు భాగమంతా తడి. నేను పక్కన కూర్చున్నా నా వైపు తిరగలేదు.

"దారిలో మాట్లాడింది" అన్నాడు. "సగం సగం మాటలు. నీ మాటే."

"ఏమంది?"

"నిన్న పొద్దున కుర్చీలో కూర్చునుండగా కాలూ చెయ్యీ పడిపోయాయంట. అరిచిందంట, అద్దం దాటి పోలేదు. నువ్వు మూడుసార్లు కిటికీ దగ్గరకొచ్చావంట. వచ్చినప్పుడల్లా చెయ్యి ఊపిందంట. నువ్వు తిన్నగా దాని వైపే చూశావంట. గ్లాసెత్తి చూపించి లోపలికి పోయావంట."

నేను బట్టల సంచి కింద పెట్టేశాను.

"నాకు కనపళ్లేదయ్యా. ఆ అద్దంలో బయటికి ఏమీ కనపడదు. పగలంతా అందులో మన ఇల్లే కనపడుతుంది. నేను దాన్ని చూళ్లేదు."

ఆయన అప్పుడు తిరిగి నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. అలిసిపోయిన మొహం.

"కనిపించిందన్నావుగా."

నేను వంగి సంచి దగ్గరికి లాక్కున్నాను.

"నిన్న సాయంత్రం అడిగాను. కనిపించింది, బానే ఉందన్నావు. అందుకే నేను పోలేదు. లేకపోతే అన్నం ముందు ఒక్క కేకేసి వచ్చేవాణ్ణి."

"అది ఊరికే అన్నాను. కాంప్టన్, ఊరికే అన్నాను."

ఆయన తల వంచుకుని చేతులు చూసుకున్నాడు. వరండాలో ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ వెళ్లారు.

"నువ్వేమన్నావు దానితో?" అన్నాను. "నాకు కనపడి ఉండదని చెప్పావా?"

"నాకు తెలిస్తేగా చెప్పడానికి. నువ్వు చూసే ఊరుకున్నావనుకున్నాను. నీ తరఫున క్షమించమని అడిగాను."

"ఏమంది?"

"ఇస్మే ఆ కోపం ఎనిమిదేళ్లు మోసింది పాపం, ఒక్క రోజులో దించమంటే ఎలా దించుతుంది, అంది. నిన్నేమీ అనొద్దంది నాతో."

మోసింది నేను కాదు. మోకాళ్ల మీద కూర్చున్న సంగతి నలుగురి నోళ్లలో పడేసింది నేను, మోసింది అది. ఆ మాటకి నేను అడగాల్సిన క్షమాపణ అడగకుండానే మిగిలిపోయింది. నేను చెయ్యని పనికి మా ఆయన క్షమాపణ అడిగాడు, వేవ్నీ క్షమించేసింది.

లోపలికి వెళ్లాను. నర్సు ఒక స్టూలు వేసింది. దాని కుడిచెయ్యి పట్టుకుని చెవి దగ్గర వంగి చెప్పాను. "నాకు కనపళ్లేదే వేవ్నీ. అద్దం నల్లగా ఉంటుందే, బయటికి కనపడదే. కనపడి ఉంటే రాకుండా ఉంటానా. ఆ ఫెర్రీ సంగతి కూడా, ఆ రోజు ఒడెస్సాతో అన్నది కూడా, తప్పేనే." చెయ్యి వేడిగా ఉంది. నర్సు మెల్లగా, "ఆమెకి వినపడదమ్మా" అంది. తెలుసన్నాను. అయినా చెప్పాను. మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. ఓరిన్ వచ్చి, "ఆంటీ, కాస్త లేవండి, నేను కూర్చుంటాను" అనేదాకా చెబుతూనే ఉన్నాను. నాలుగింటికి పోయింది.

ఓరిన్ ఏడుస్తూ నన్ను పట్టుకుని, అద్దాలు పెట్టించి నేనే చంపానాంటీ అన్నాడు. కాదు నాయనా అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేకపోయాను.

ఇది జరిగి మూడేళ్లయింది. కాంప్టన్ మంచివాడు, ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక అప్పుడప్పుడు అడుగుతుంటాను. అన్నం వడ్డిస్తూనో, ఆయన చొక్కాకి బొత్తాం కుడుతూనో, "నిజంగా నాకు కనపళ్లేదయ్యా, నమ్మావా?" అంటాను.

"నమ్మాను" అంటాడు. ఆ సాయంత్రం నేను "కనిపించింది" అన్నంత తేలిగ్గా అంటాడు.